గోరింట నిలబడిన చోటు

మిషిగన్‌లోని ట్రాయ్‌లో మా తెలుగు ప్రార్థన కూటానికి వచ్చే ఆడవాళ్ళందరిలో కరుణమ్మ కోటు మీద మాత్రమే కుక్క వెంట్రుకలు ఉండేవి. ఆవిడ హాస్పిటల్లో నర్సు. భర్త ఆనందబాబు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇద్దరిదీ నరసాపురం వైపు. పిల్లల్లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే "లేరండీ" అని ఊరుకునేది. బాధ దాచుకుంటున్నట్టు కూడా కనిపించేది కాదు.

ఆవిడ కుక్కల్లో పడింది 1978 అక్టోబర్‌లో. నైట్ డ్యూటీ దిగి కారులో ఇంటికి వస్తోంది. ట్రాయ్ దాటి ఉత్తరానికి వెళితే అప్పటికింకా చేలే. మొక్కజొన్న కోసేశారు, మొదళ్ళ మీద పొగమంచు పరుచుకుని ఉంది. కళ్ళు మూతలు పడుతుంటే కారు పక్కకి ఆపి అద్దం దించింది. ఆ మంచులో తెలుపూ నారింజ రంగూ కలిసిన కుక్క ఒకటి అటూ ఇటూ గాలిలా పరుగెడుతోంది. చూస్తుండగానే ఠక్కున ఆగిపోయింది. ముందరి కాలు ఒకటి పైకి లేచి అలాగే ఉండిపోయింది. మెడ చాచింది. ఇంక కదల్లేదు. తనకి కునుకు పట్టిందేమో, కలలో లోకం ఆగిందేమో అనుకుంది కరుణమ్మ.

వెనకనుంచి ఒక ముసలాయన మెల్లగా నడుచుకుంటూ వచ్చి కుక్కని దాటి గడ్డిని కాలితో కదిపాడు. అడవికోడి ఒకటి రెక్కలు టపటపలాడించుకుంటూ లేచింది. ఆయన ఉత్తుత్తి పిస్తోలు గాలిలోకి పేల్చాడు. పిట్ట ఎగిరిపోయింది. కుక్క మాత్రం నిలబడే ఉంది.

కరుణమ్మ తెల్లటి డ్యూటీ బూట్లతోనే తడి చేలోకి దిగి ఆయన దగ్గరికి వెళ్ళింది.

"దేనికోసం ఆగిందండీ అది?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నాకోసం" అన్నాడాయన.

ఆయన పేరు వాల్టర్ నొవాక్. ఫ్యాక్టరీలో అచ్చులు చేసే పని నుంచి రిటైరై, బ్రిట్టనీ జాతి వేటకుక్కల్ని పెంచుతున్నాడు. పిట్ట వాసన తగిలినా దాని మీదికి దూకకుండా, వేటగాడు వచ్చేదాకా ఆ చోటు చూపిస్తూ నిలబడటం ఆ జాతి గుణం. ఆ గుణాన్ని శిక్షణతో గట్టిపరచాలి, తుపాకీ పేలినా చెదరకుండా. ఆ తర్వాత డ్యూటీ లేని పొద్దుల్లో కరుణమ్మ కారు ఆయన చేను గట్టునే ఉండేది.

"ఒక్క కుక్కని రెండు ముక్కలు చేశారమ్మా మనుషులు" అనేవాడు వాల్టర్. "పొలంలో పరిగెత్తే వాటికి అందం అక్కర్లేదంటారు. షోలో తివాచీ మీద నడిచే వాటికి ముక్కు అక్కర్లేదంటారు. రెండుచోట్లా ఛాంపియన్ అనిపించుకునే కుక్కని ఒక్కదాన్నయినా నా చేతులమీదుగా చూడాలనుంది."

మరుసటి వసంతంలో ఒక ఆడ కుక్కపిల్లని ఆవిడ ఒళ్ళో పెట్టాడు. రెండు చెవుల మీదా రంగు పండిన అరచేతిలా ఉంది. కరుణమ్మ దానికి గోరింట అని పేరు పెట్టింది.

గాలపు కర్రకి పూరేడుపిట్ట రెక్క కట్టి పెరట్లో దాని ముందు ఆడించేది. పట్టుకోబోతే రెక్క గాల్లోకి లేచిపోతుంది, ఆగితే ఆగుతుంది. ఆగాలని చెప్పడానికి వాల్టర్ వాడే ఇంగ్లీషు కేక ఆవిడ నోట కరుకుగా పలికేది. ఒకరోజు అనుకోకుండా "ఉండు" అంది, నిద్రపోయే బిడ్డ పక్కన ఎవరైనా చప్పుడు చేస్తే అన్నట్టు. గోరింట ఆగిపోయింది. అప్పటినుంచి అదే మాట. కొన్నాళ్ళకి వాల్టర్ కూడా "వుండూ" అనడం నేర్చుకున్నాడు.

ఆ మాట షోల్లోనూ పనికొచ్చింది. పెద్ద పెద్ద హాళ్ళలో జడ్జి వచ్చి పళ్ళు చూసి, వీపు తడిమి, కాళ్ళు ఎత్తి దించుతుంటే గోరింట ఆ దీపాల కింద బొమ్మలా నిలబడేది. శనివారాలు అలా ఊళ్ళు తిరిగి, ఆదివారం ఆరాధనకి కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చేది కరుణమ్మ.

"కుక్కల వెనక ఈ పరుగులేంటి వదినా? హాయిగా వీకెండ్ రెస్ట్ తీసుకోవచ్చు కదా" అంది మా కూటంలోని లూసీ ఒకసారి.

"పరిగెత్తేది అది వదినా. నేను నడుస్తానంతే" అంది కరుణమ్మ.

1982లో గోరింట షో ఛాంపియన్ అయింది. మిగిలింది పొలంలో జరిగే వేట పోటీలు. అక్కడివాళ్ళు గోరింట నిగనిగలాడే బొచ్చు చూసి, అందాలపోటీకి వెళ్తూ దారి తప్పి వచ్చిందని నవ్వుకునేవారు. అయినా ఒక్కొక్క పోటీయే నెగ్గుకుంటూ వచ్చింది. మరుసటి ఏడాది అక్టోబర్ నాటికి ఇంకొక్కటి గెలిస్తే చాలు.

ఆ రోజు ఆనందబాబు కూడా ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్ళాడు. ఆయన అప్పటిదాకా కుక్కని ముట్టుకునేవాడు కాదు. భార్య మురిసిపోతుంటే చూసేవాడు, అంతే. వదలగానే గోరింట గుట్ట ఎక్కి అవతలికి దిగిపోయింది. మళ్ళీ కనపడలేదు. కరుణమ్మ ఈల వేసింది, పిలిచింది. గుర్రం మీద జడ్జి గడియారం చూసుకున్నాడు. ఇచ్చిన సమయం అయిపోయింది. సన్నగా వాన మొదలైంది.

గుట్ట వెనక పల్లంలో, నడుము ఎత్తు పసుపుపచ్చ పూల మధ్య, గోరింట నిలబడి ఉంది. చెవుల అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. రెప్ప వేయడం లేదు. కరుణమ్మ దాన్ని పిలవలేదు. పది అడుగుల దూరంలో తనూ నిలబడిపోయింది. ఆకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ చప్పుడు కూడా కాసేపటికి ఎక్కడో దూరంగా, ఇంకెవరి ఇంటి కప్పు మీదో పడుతున్నట్టు అనిపించిందట ఆవిడకి. తను నర్సుననీ, ఇది మిషిగన్ అనీ, ఒకప్పుడు గెలవాలని వచ్చాననీ అన్నీ మెల్లగా వదిలిపోయాయట.

కర్ర ఊతంతో వాల్టర్ చేరుకున్నాడు.

"టైమ్ అయిపోయిందమ్మా."

"తెలుసు" అంది, కదలకుండా.

చివరికి ఆవిడే ముందుకి నడిచి గడ్డి కదిపింది. పిట్ట లేచింది. వాల్టర్ పిస్తోలు పేల్చాడు. గోరింట అంగుళం కదల్లేదు. పైన గట్టు మీద జడ్జి గౌరవంగా టోపీ తీశాడు గాని, రూలు రూలే, బహుమతి ఇవ్వడానికి లేదన్నాడు.

"ఎంతసేపు నిలబడ్డావో తెలుసా? టీ కూడా చల్లారిపోయింది" అన్నాడు ఆనందబాబు కారు దగ్గర.

"అవునా? ఇప్పుడేగా వెళ్ళానండీ" అంది ఆవిడ, ఆశ్చర్యంగా.

మరుసటి వేసవిలో గోరింట వెనక కాలి కీలు దెబ్బతింది. నడక వచ్చింది గాని పోటీ పరుగు మళ్ళీ రాలేదు. ఇంక దాని పిల్లల మీదే ఆశ. షోల్లో పేరున్న మగకుక్కల ఫోటోలు ఎంతోమంది పంపారు. కరుణమ్మ అవి పక్కన పెట్టి, ఒక శీతాకాలమంతా పల్లెల వెంట తిరిగింది. కుక్కలు ఎలా పరిగెత్తుతున్నాయో కాదు, ఎలా ఆగుతున్నాయో చూసింది. లపీర్ దగ్గర ఒక రైతు ఇంట్లో షో మొహమే ఎరగని మగకుక్కని ఎంచుకుంది. చక్కటి ఒళ్ళే, కానీ ఒక చెవి ముళ్ళకంచెకి తగిలి చిరిగి ఉంది.

"చెవి చూశావా?" అన్నాడు వాల్టర్. అప్పటికే ఆయనకి ఆరోగ్యం బాగాలేదు.

"చిరుగు పిల్లలకి రాదు కదండీ" అంది. చాలా రోజుల తర్వాత వాల్టర్ గట్టిగా నవ్వాడు.

బేస్‌మెంట్‌లో గోరింట ఈనుతున్న రోజు కరుణమ్మకి డ్యూటీ తప్పలేదు. ఆనందబాబు సెలవు పెట్టి పక్కన కూర్చున్నాడు. ఆఖరున పుట్టిన గుప్పెడంత పిల్ల ఊపిరి తీసుకోకపోతే, భార్య ఫోన్‌లో చెబుతుంటే తువ్వాలుతో రుద్దాడు. అది కీచుమంది. ఆవిడ ఇంటికి వచ్చేసరికి ఆయన చొక్కా లోపల అది నిద్రపోతోంది.

"దీన్ని ఎవరికీ ఇవ్వద్దు కరుణా" అన్నాడు.

కొన్ని వారాలకి దాని మూతి మీద నల్లగా కాకపోయినా మిరియాలు చల్లినట్టు మచ్చలు తేలాయి. ఆయన మిరియం అని పిలిచాడు. మా కూటంలో వాళ్ళు బైబిల్లో మిర్యాము అనుకుని సంతోషించారు. వాల్టర్ కూడా అదే అనుకున్నాడు. ఆనందబాబు ఎవరినీ సరిదిద్దలేదు.

వాల్టర్ 1986లో పోయాడు. ఆ ముందు నెలలో ఆనందబాబు ఆయన్ని కారులో చేను దగ్గరికి తీసుకెళ్ళి, కంబళి కప్పి, అద్దం దించి కూర్చోబెట్టాడు. ఎదురుగా మిరియం గడ్డిలో నిలబడింది. వాల్టర్ చాలాసేపు చూసి, "తల్లికన్నా తల కొంచెం ఎత్తి పెడుతోంది. బాగుంది" అన్నాడట. అంతకుమించి పొగడటం ఆయనకి రాదు.

మిరియం ముందు షోల్లో నెగ్గింది. పొలంలో రెండేళ్ళు పట్టింది. 1988 అక్టోబర్‌లో, మబ్బు తునక కూడా లేని ఒక మధ్యాహ్నం, ఎక్కడా తప్పిపోకుండా, ఏ గందరగోళమూ లేకుండా, రెండు పిట్టల్ని చూపించి తిరిగి వచ్చింది. రెండుచోట్లా ఛాంపియన్. నవ్వినవాళ్ళే వచ్చి చేతులు కలిపారు. కరుణమ్మ అందరికీ థాంక్స్ చెప్పింది గాని, ఎవరు ఏమన్నారో తనకేమీ వినపడలేదని తర్వాత మాతో అంది.

తిరుగు ప్రయాణంలో ఆవిడ వెనక సీట్లో కూర్చుని, మిరియం తల ఒళ్ళో పెట్టుకుని, ఊరు దాటేలోగా నిద్రపోయింది. ఆనందబాబు అద్దంలో చూశాడు. కుక్క కాళ్ళు నిద్రలోనే పరిగెత్తుతున్నాయి. కరుణమ్మ పెదవులు ఏదో అంటున్నట్టు కదులుతున్నాయి. ముందు తిన్నటి హైవే ఉంది. ఆయన దాని మీదికి ఎక్కలేదు. స్పీడు తగ్గించి, మేపుల్ చెట్లు ఎర్రబడిన సరస్సుల పక్కగా పోయే చుట్టుదారి పట్టాడు, వాళ్ళిద్దరికీ మెలకువ రాకుండా.