పానా అందించిన గ్రెమ్లిన్

మొన్న శనివారం రాజాం రోడ్డు మీద నన్ను చేపల తట్టతో కొట్టారు! నవ్వకండి, ముందు ఆ టీ మింగండి, చెప్తాను.

మా అమ్మాయి స్వాతి స్కూల్లో యుద్ధవిమానం నాటకం. రెండో ప్రపంచ యుద్ధంలో గాల్లో ఇంజన్ మొరాయిస్తే పైలట్లు ‘ఇది గ్రెమ్లిన్ల పనే’ అనేవారట. అంటే బుల్లి దయ్యాలు. వైర్లు కొరికేస్తాయి, బోల్టులు ఊడదీస్తాయి, పెట్రోలు కూడా తాగేస్తాయి! ఆ వేషానికి పిల్లలెవరూ ఒప్పుకోలేదు. “మా నాన్న వేస్తారు” అనేసింది మా మహాతల్లి!

ఇంట్లోనే రెడీ అయిపోయాను. ఒళ్లంతా ఆకుపచ్చ రంగు, అట్టముక్కల చెవులు, ప్లాస్టిక్ గోళ్లు. బండి మీద వెళ్తుంటే దారిలో ఓ ఆటో ఆగిపోయుంది. డ్రైవరు దాని కింద పడుకుని రిపేరు చేస్తున్నాడు. పాపం కదా అని బండి ఆపాను.

నా అడుగుల చప్పుడు విని, ఎవరో తనవాడనుకుని, చూడకుండానే, “ఒరే, వచ్చీసినావేటి? ఆ పానా ఇలాగియ్యి” అన్నాడు.

ఇచ్చాను.

నా చెయ్యి చూశాడు. మెల్లగా పైకి చూశాడు.

“ఓరి నాయినో! ఏటిది?”

ఒకటే పరుగు! నేను వెనకాల పడ్డాను. “భయపడకు బావా! నేను గ్రెమ్లిన్ని! ఇంజన్లు పాడుచేస్తానంతే!”

ఆటోలో కునుకు తీస్తున్న, చేపలమ్ముకునే అప్ప అది విని లేచింది. “ఓలమ్మో! మా ఆటో పాడుసేసినోడివి నువ్వేటి?” ఖాళీ తట్టతో వీపు మీద ధన్ ధన్!

“మనిషినే అప్పా! నాటకం!” అని ఓ చెవి పీకి చూపించాను. ఆవిడ నవ్వలేక రోడ్డు మీదే కూలబడిపోయింది. “ఇంత వయసొచ్చి ఇదేటి బాబూ నీకు?”

డ్రైవరు తిరిగొచ్చాడు. రిపేరు దాదాపు అయిపోయిందట, ఒక్క బోల్టు బిగిస్తే చాలట. సిగ్గు కప్పుకోవాలిగా! “ఉండు, నేను బిగిస్తాను” అన్నాను.

పుటుక్!

విరిగిన బోల్టు చూసి, నన్ను చూసి, “నిజింగా అదేనేటి నువ్వు?” అన్నాడు.

ఇంకేం చేస్తాను? నా బండి అక్కడే పెట్టి, మెకానిక్ షాపు దాకా ఆటో తోశాను. దారిపొడవునా జనం, అందరి చేతుల్లోనూ ఫోన్లే! చేపల అప్ప లోపల కూర్చుని “గట్టిగా తొయ్యి బాబూ!” అని కేకలు.

స్కూలుకి చేరేసరికి తెర పడిపోయింది. పిల్ల ఎంత ఏడుస్తుందో అనుకుంటూ లోపలికి పరిగెత్తాను. స్వాతేమో ఎగురుకుంటూ వచ్చింది.

“నాన్నా, ప్లే సూపర్! నువ్వు రాలేదు కదా, విమానం ఎక్కడా ఆగకుండా ఎగిరిపోయింది!”