మావయ్యగారిని ఎవరూ పిలవలేదు

ఉద్యోగంలో కొత్తగా చేరినవాడికి పని చెయ్యడం కంటే భయపడటమే పెద్ద పనిగా ఉండే రోజులు అవి. నాకు అప్పటికి పెళ్ళి కాలేదు, ఉద్యోగం పర్మనెంటు కాలేదు, పొట్ట కూడా రాలేదు (ఇప్పుడు మూడూ ఉన్నాయి, మూడోది మిగతా రెండింటికంటే గట్టిగా ఉంది). గుడివాడ నుంచి రోజూ బస్సులో బందరు వచ్చి, రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీ బ్రాంచి ఆఫీసులో పనిచేసేవాణ్ణి. కార్డు మీద 'ఫీల్డ్ ఆఫీసర్' అని అచ్చు వేయించి ఇచ్చారు. ఫీల్డ్ అంటే కృత్తివెన్ను చెరువుగట్లు. ఆఫీసర్ అంటే ఆ గట్ల మీద వర్షాకాలంలో బైకుతో సహా జారిపడేవాడు. అయినా ఆ కార్డు మా అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకుంది. కాబట్టి ఆ ఉద్యోగం ఎలాగైనా నిలబెట్టుకుని తీరాలని నేను గట్టి పట్టుదల మీద ఉన్నాను.

కృత్తివెన్ను వైపు మా కంపెనీకి ఒక పెద్ద డీలరుగారు ఉండేవారు. చుట్టుపక్కల రైతులందరూ ఆయన్ని మావయ్యగారూ అనేవారు కాబట్టి నేనూ అలాగే అనేవాణ్ణి, ఆయన భార్యని అత్తయ్యగారూ అనేవాణ్ణి. ఆయన ఏ మేత బాగుందంటే ఆ వైపు చెరువుల్లో ఆ మేతే పడేది. ఇంకో కంపెనీవాళ్ళు ఆయన అరుగు మీద కాఫీలు తాగి వెళ్తున్నారని తెలిసి మా వాళ్ళకి చెమటలు పట్టాయి. డీలర్లందరినీ విదేశాలకి తిప్పాలని తీర్మానించారు. మామూలుగా అయితే బ్యాంకాక్‌తో సరిపెట్టేవారు. ఈసారి ఏకంగా అమెరికా దాకా విమానం, అక్కణ్ణుంచి కరేబియన్ సముద్రంలో పెద్ద ఓడ! మా మేనేజరు నన్ను పిలిచి, "నీ పనల్లా ఒక్కటేనయ్యా. మావయ్యగారు నవ్వుతూ ఓడెక్కాలి, నవ్వుతూ దిగాలి. ఆయన మొహం మాడిందా, నీ పర్మనెంటు సంగతి మర్చిపో. ఇంకేమన్నా ఉంటే మెయిలు పెట్టు," అన్నాడు. (ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా మెయిలు పెట్టమనేవాడు. అందుకే ఆయనకి మెయిలు సారని పేరు.)

ఓడలో మొదటి రోజులు హాయిగా గడిచిపోయాయి. భోజనాల వేళకి తెల్లకోటు కుర్రాడొకడు వచ్చి, వంగి దణ్ణం పెట్టి, కుర్చీ లాగి, ఒళ్ళో గుడ్డ పరిచి మరీ కూర్చోబెట్టేవాడు. మావయ్యగారు పొంగిపోయారు. "చూశావా అబ్బాయ్, మర్యాదంటే ఇదీ! మన వైపు పెళ్ళిళ్ళల్లో ఆ బఫేలొచ్చి పడ్డాక ఇయ్యన్నీ పోయినయ్. పళ్ళెం పుచ్చుకుని లైన్లో నిలబడాలంట. అదేం ఖర్మయ్యా!" అన్నారు. "అవునండీ, ఖర్మేనండీ," అన్నాను నేను. మనసులో అప్పటికే నా పర్మనెంటు కాగితానికి చట్రం కట్టించి గోడకి తగిలించేశాను.

ఆ తర్వాత ఓడ ఒక దీవి దగ్గర ఆగింది. పొద్దున దింపి సాయంత్రం మళ్ళీ ఎక్కించుకుంటారు. ఆ దీవి పేరు నాకు అప్పుడూ నోరు తిరగలేదు, ఇప్పుడూ తిరగదు. అక్కడ సముద్రపు ఒడ్డునే మా వాళ్ళు ఒక రిసార్టు మాట్లాడారు. గేటు దగ్గర అందరి చేతులకీ నారింజరంగు పట్టీలు చుట్టారు. ఆ పట్టీ ఉంటే సాయంత్రం దాకా లోపల ఏదైనా తినొచ్చు, ఏదైనా తాగొచ్చు, ఎన్నిసార్లయినా సరే, ఎవరినీ అడగక్కర్లేదు. అత్తయ్యగారు పట్టీని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఆసుపత్రిలో బాలింతలకి ఏస్తారు గదా నాయనా ఇట్టాంటియ్యి," అన్నారు. ఆవిడది దివిసీమలో కోడూరు. "నేను పుట్టిందే దీవిలో. ఇంకో దీవి చూడ్డానికి ఇంత దూరం తీసుకొచ్చారు మీ కంపెనీవోళ్ళు, బానే ఉంది," అని ఒక చురక కూడా అంటించారు.

నా ఏర్పాట్లు నాకున్నాయి. ఈ పూట కోసమే బందరు కోనేరు సెంటర్లో పెద్ద పెద్ద పువ్వుల నిక్కరు ఒకటి కొనుక్కుని తెచ్చుకున్నాను. రిసార్టులో దుమ్ము దులిపెయ్యాలని పొద్దున ఓడలో కాఫీ చుక్క కూడా ముట్టలేదు. మా గుడివాడ కాలవలో ఈత నేర్చుకున్నవాడికి ఎదురుగా అంత నీలంగా, అంత శుభ్రంగా ఉన్న సముద్రం కనిపిస్తే ఏమవుతుంది? ముందు ఈత, తర్వాత తిండి, మళ్ళీ ఈత, మళ్ళీ తిండి అనుకున్నాను. నిక్కరు వేసుకుని ఇసకలోకి పరిగెత్తబోతూ, బాధ్యత గుర్తొచ్చి ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను.

మావయ్యగారు తెల్లపంచె, తెల్లచొక్కాతో కొబ్బరిచెట్టు కింద కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. పక్కనే అత్తయ్యగారు. మిగతా డీలర్లందరూ పళ్ళేలు పట్టుకుని భోజనాల హాల్లో కిటకిటలాడుతున్నారు. దగ్గరకి వెళ్ళి, "మావయ్యగారూ, భోంచేద్దాం రండి," అన్నాను.

"నువ్వెళ్ళి తిను," అన్నారు ఆయన సముద్రం వైపు చూస్తూ.

"మీరు కూడా రండి."

"ఎవరు పిలిచారు?"

"నేనేనండీ."

"నువ్వు పిలవడమేంటయ్యా? నువ్వూ నాలాగా చుట్టపుచూపుకి వచ్చినోడివేగా. ఒక చుట్టం ఇంకో చుట్టాన్ని భోజనానికి పిలవడం ఎక్కడన్నా ఉందా?"

"ఇక్కడ పిలవరండీ. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి తినడమే."

"ఎప్పుడైనా తినమన్నారంటే అసలు తినమనలేదనే అర్థం," అని ఆయన తీర్పు చెప్పేసి కళ్ళు మూసుకున్నారు.

అత్తయ్యగారు నన్ను పక్కకి తీసుకెళ్ళి చెప్పిన సంగతి విన్నాక నా ఆకలి సగం చచ్చిపోయింది. మావయ్యగారి చిన్నతనంలో, ఎవరిదో పెళ్ళిలో, ఆకలికి ఆగలేక పిలవకముందే వెళ్ళి బంతిలో కూర్చున్నారట. విస్తట్లో అన్నం వడ్డించాక, అది మగపెళ్ళివారి బంతి అని ఎవరో పెద్దమనిషి చెయ్యి పట్టుకుని లేపేశాడట. "ఆకు ముందు నుంచి లేపారు నాయనా, అంతమంది చూస్తుండగా. అప్పట్నుంచీ పిలవందే కూర్చోరు. మా ఇంట్లో కూడా నేను అరుగు మీదకొచ్చి, 'భోజనానికి లేవండి' అనాల్సిందే. పొద్దున్నే షుగరు మాత్ర ఏసుకున్నారు, తిండి ఇక్కడేనని ఓడలో ఏం తినలేదు. పళ్ళు బిగబట్టుకు కూర్చున్నారు గానీ, ఇందాకట్నుంచి చెయ్యి వణుకుతుంది, చూశావా?" ఆవిడ సంచిలో జంతికలు ఎప్పుడూ ఉండేవి. ఓడ దిగేటప్పుడు తినే వస్తువులు బయటికి తీసుకెళ్ళకూడదని వాటిని కాస్తా ఆపేశారు.

ఇంక నేను నడుం బిగించాను. ఉద్యోగం సంగతి అలా ఉంచండి, ఆ పెద్దాయన చెయ్యి వణుకుతూ ఉంటే నేనెలా ఈత కొడతాను? ముందు మెయిలు సారు దగ్గరకి వెళ్ళాను. ఆయన ఈతకొలను మధ్యలో మెడ దాకా మునిగి, చిన్న గొడుగు గుచ్చిన గ్లాసు పట్టుకుని ఉన్నాడు. అంతా విని, "ఆకలేస్తే ఆయనే తింటాడ్లేవయ్యా," అని అటు తిరిగాడు. (మెయిలు పెట్టమనలేదు. ఫోను ఒడ్డున ఉండిపోయింది.) తర్వాత ఆఫీసు గదికి వెళ్ళి, ఈ రిసార్టు ఎవరిదండీ అని అడిగాను. యజమాని అంటూ ఎవరూ లేరు, ఇంకో దేశంలో కంపెనీ ఉంది అన్నారు. పోనీ మేనేజరుగారు? సెలవులో ఉన్నారు. అంత పెద్ద రిసార్టులో, అన్ని వంటకాలు పెట్టుకుని, "రండి, దయచెయ్యండి" అనే ఇల్లుగల మనిషి ఒక్కరంటే ఒక్కరు లేరు! మావయ్యగారి మాట నిజమేనేమోనని నాకే అనుమానం వచ్చింది.

ఆఖరికి భోజనాల హాల్లో అన్నం గరిటె పట్టుకున్న ఒకావిడ కనిపించింది. మా అమ్మ వయసు ఉంటుంది. బాగా లావుగా, తలకి పసుపుపచ్చ గుడ్డ కట్టుకుని, హాలంతా తనదే అన్నట్టు తిరుగుతోంది. గుడివాడ ఇంగ్లీషులో మొత్తం విన్నవించుకున్నాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది. "అంటే, ఆ తాతని నేను వెళ్ళి తిండికి పిలవాలి. అంతేనా?" అంది. అంతేనన్నాను. "మీ భాషలో ఎలా పిలుస్తారు?" అని తనే అడిగింది. ఎసరు గిన్నెల పొగలో నిలబడి, పువ్వుల నిక్కరుతో, నేను ఆవిడకి "మావయ్యగారూ, భోజనానికి లేవండి" అని నేర్పించాను. ఆవిడ తప్పు పలికి ఊరుకునే రకం కాదు. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని నా చేత చెప్పించుకుని, చేతులు తుడుచుకుని బయల్దేరింది.

కొబ్బరిచెట్టు దాకా వెళ్ళి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, పాట పాడినట్టు పిలిచింది. మావయ్యగారు చటుక్కున కళ్ళు తెరిచారు. మొహం వెలిగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. ఆయన రెండు చేతులూ జోడించి, వచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కలూ కలిపి, "అబ్బే, నో నో అమ్మా! నౌ ఓన్లీ ఈటింగ్ ఫినిష్. పర్లేదు, పర్లేదు," అన్నారు.

ఆవిడ "ఓహో, అలాగా," అని తలూపి, చక్కా వెనక్కి తిరిగి వచ్చేస్తోంది!

చచ్చాంరా దేవుడా అనుకున్నాను. పిలవడం నేర్పాను గానీ, మొదటిసారి పిలవగానే ఎవరూ లేవరని నేర్పలేదే! మొదటిసారి "ఇప్పుడే తిన్నాం" అనాలి, ఎదుటివాళ్ళు ఒప్పుకోకూడదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎవరూ నేర్పకుండానే మాకు వచ్చిన విద్య ఇది. దీన్ని ఇంకొకరికి నేర్పాల్సి వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. ఇసకలో పడుతూ లేస్తూ వెళ్ళి ఆవిడకి అడ్డం నిలబడ్డాను. "నమ్మకండి! ఆయన తినలేదు!"

"తిన్నానన్నాడుగా?"

"తినలేదు."

"మరి అబద్ధం ఎందుకు చెప్పాడు?"

"మీరు మళ్ళీ అడగాలని."

ఆవిడ నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. ఈ మనుషులకి ఎండ దెబ్బ కొట్టిందనుకుందో ఏమో. తర్వాత పెద్దగా నవ్వి, గిర్రున తిరిగి, ఈసారి పిలుపూ గిలుపూ లేకుండా సరాసరి వెళ్ళి మావయ్యగారి పట్టీ ఉన్న చెయ్యి పట్టుకుని, "లేవండి!" అంది. ఎప్పుడో ఎవరో అదే చెయ్యి పట్టుకుని ఆకు ముందు నుంచి లేపారన్న సంగతి ఆవిడకి తెలియదు. మావయ్యగారు, "అయ్యయ్యో, ఆ అమ్మ అంతలా అడుగుతుంటే కాదంటే బాగోదు. పద," అని అత్తయ్యగారితో అంటూ లేచారు.

ఆ తర్వాత ఆయన తిన్న తిండి చూడాలి! కొబ్బరిపాలతో వండిన అన్నం, కాల్చిన రొయ్యలు. ("కౌంటు రాలేదు, మరీ చిన్నయ్యి, మేత సరిగ్గా పెట్టలేదు," అని గొణుగుతూనే మళ్ళీ వేయించుకున్నారు.) ఆవిడకి విద్య ఒంటబట్టేసింది. ఆయన చాలు చాలంటూ పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టినా వినకుండా వేసేస్తోంది. నేను ఇద్దరి మధ్యా మాటలు అందిస్తూ నిలబడే ఉన్నాను. చేతి వణుకు తగ్గింది. తినడం అయ్యాక మావయ్యగారు, "మరి ఆ అమ్మ తిన్నదో లేదో అడుగయ్యా," అన్నారు. అడిగాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "తిన్నాను," అంది. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ముందు ఆవిడకే నవ్వాగలేదు. మావయ్యగారు రెండోసారి అడిగించారు. హాలు ఖాళీ అయ్యాక వంటగది గుమ్మం దగ్గర స్టూలు వేసి ఆవిడని కూర్చోబెట్టారు. "నువ్వు వడ్డించవయ్యా ఆఫీసరూ," అని నాకు హుకుం. నేను వడ్డించాను. ఆవిడ తిని లేచేసరికి గిన్నెలన్నీ లోపలికి వెళ్ళిపోయాయి, ఓడకి తీసుకెళ్ళే వ్యాను హారను కొట్టింది.

వ్యానులో మావయ్యగారు కిటికీ పక్కన వెనక్కి వాలి, "అవునూ, నువ్వు తిన్నావా అబ్బాయ్?" అన్నారు.

"శుభ్రంగా తిన్నానండీ," అన్నాను. అలవాటు! నోరు దానంతటది అనేసింది. రెండోసారి అడుగుతారు కదా, అప్పుడు చెబుదాం అనుకుంటున్నాను. "మంచిది," అని ఆయన కళ్ళు మూసుకుని గుర్రు పెట్టారు. చేతికి పట్టీ, ఒంటికి చుక్క తడి అంటని పువ్వుల నిక్కరు, కడుపులో శూన్యం. ఎవరినీ అడగకుండా ఏదైనా తినగల ఆ స్వర్గం నుంచి నేను అలా తిరిగి వచ్చాను.

మావయ్యగారు మా కంపెనీని వదల్లేదు. నేను పర్మనెంటు అయ్యాను. అదంతా పాత కథ. మొన్న ఆయన మనవరాలి పెళ్ళి బందరులో ఒక కల్యాణ మండపంలో జరిగింది. అక్కడా బఫేయే. మా ఆవిడ, పిల్లలు ఎప్పుడో పళ్ళేలు పట్టుకుని లైన్లోకి వెళ్ళిపోయారు. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, పొట్ట మీద చేతులు పెట్టుకుని, వేదిక వైపు చూస్తున్నాను. ఆకలి దంచేస్తోంది. లేవబుద్ధి కావడంలేదు. "నాన్నా, రావేంటి?" అని మా అమ్మాయి రెండుసార్లు దూరం నుంచి అరిచింది. ఇదేం పిలుపు అనుకున్నాను. అలా అనుకున్నానని తెలిసి నాకే నవ్వొచ్చింది. పువ్వుల నిక్కరుతో ఇసకలో పరిగెత్తిన ఆ కుర్రాడు ఇప్పుడు నన్ను చూస్తే ఏమనేవాడో!

ఇంతలో చేతికర్ర చప్పుడు వినిపించింది. మావయ్యగారు కుర్చీల వరసలు దాటుకుంటూ, ఎవరు పలకరించినా ఆగకుండా, నా దగ్గరకే వస్తున్నారు. బాగా ముసలివారయ్యారు. అత్తయ్యగారు పోయాక మరీ చిక్కిపోయారు. నా ముందు ఆగి, ఆయాసం తీర్చుకుని, "భోజనానికి లే," అన్నారు.

"అయ్యో, మీరెందుకొచ్చారండీ! ఇప్పుడే తిన్నానండీ," అన్నాను.

ఆయన చేతికర్ర ఎడమచేతిలోకి మార్చుకున్నారు. "ఆవేళ వ్యానులో కూడా ఇట్టాగే అన్నావు, నమ్మాను. ఓడెక్కాక చెప్పింది మీ అత్తయ్య, నువ్వు మెతుకు ముట్టలేదని. రెండోసారి అడగలేదయ్యా నేను. లే," అని నా చెయ్యి పట్టుకున్నారు.

నేను లేచాను.