బాప్తిస్మపు తొట్టి బరువు

రెండేళ్ల క్రితం జర్మనీలోని కాట్‌బస్‌లో చదువుతున్నప్పటి మాట. మా తెలుగు క్రైస్తవ సంఘం ఒక పాత భవనం పై అంతస్తులో కూడుకునేది. ఆ ఆదివారం బాప్తిస్మానికి పెద్ద తొట్టిలో నీళ్లు నింపుతున్నారు. కింది గదిలో సండే స్కూలు పిల్లలున్నారు.

"అన్నా, నీటి సాంద్రతను లోతుతో హెచ్చించండి. మీటరు లోతుకి చదరపు మీటరుకో టన్ను! చెక్క నేల ఆగదు" అన్నాను.

"నీ ఫార్ములా పరీక్షలో రాసుకో బ్రదర్. ఇక్కడ విశ్వాసం చాలు" అన్నాడు సంఘ పెద్ద. అందరూ నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. కిందికి పరుగెత్తి పిల్లల్ని బయటికి తెచ్చాను. చివరి పాప గడప దాటగానే, వాళ్లు కూర్చున్న చోటే పైకప్పు పెచ్చు ఊడిపడింది. అప్పుడు కట్టేశారు కుళాయి!

తర్వాతి వారం ఆయన "దేవుడే కాపాడాడు" అని సాక్ష్యం చెప్పాడు. నిజమే. కానీ నీటికి ఆ బరువు పెట్టిందీ ఆ దేవుడే. దాన్ని లెక్కచేయకపోవడం విశ్వాసమంటే నేనొప్పుకోను.