మా అన్నయ్య కొన్న పోటీలు

మా అన్నయ్య హెర్మినియో నలభయ్యేళ్ళు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేశాడు. మా ఊరు యబుకోవాలో అతని చెయ్యి పడని ఫ్రిజ్ లేదు. అతని నోట్లో మాత్రం ముందు పళ్ళు రెండు లేవు. వచ్చే నెల కట్టించుకుంటానంటాడు. వచ్చే నెల ఏదో ఒక పెద్ద బాక్సింగ్ పోటీ పడుతుంది. దాన్ని ఇంట్లో టీవీలో చూడాలంటే కేబుల్ వాళ్ళకు విడిగా ఎనభై డాలర్లు కట్టాలి. పళ్ళు ఆ పై నెలకు జరుగుతాయి.

మా వైపు ఎవరింట్లో పోటీ చూస్తే వాళ్ళకు వచ్చినవాళ్ళంతా తలా కొంత ఇవ్వడం పద్ధతి. దానికి మేం పెట్టుకున్న పేరు రంపం. అందరినీ కాస్త కాస్త కోస్తుంది. మా అన్నయ్య రంపం పెట్టనివ్వడు.

"నా గడప తొక్కినవాడి దగ్గర డబ్బు పుచ్చుకోనా? సిగ్గులేదూ ప్రొవీ?" అంటాడు నాతో.

"సిగ్గు సరే, పళ్ళ మాటేమిటి?"

"నవ్వితే కదా కనపడేది."

పోటీ రోజు నవ్వుతూనే ఉంటాడు. టీవీని కారు షెడ్డులోకి ఈడ్చి, కుర్చీలు వేసి, వీధి వీధంతా వచ్చి కూర్చుంటే తను వెనక నిలబడతాడు. తెరకేసి చూసేది తక్కువ, జనంకేసి చూసేది ఎక్కువ. ఒకసారి పోటీ నిమిషం తిరక్కుండానే ముగిసింది. నా కడుపు మండిపోయింది. అతను మాత్రం ఎవరెలా ఎగిరారో వారం రోజులు చెప్పాడు. అతనికి కావలసింది ఆ గోల. వదిన పోయినప్పట్నుంచీ మా ఇంట్లో చప్పుడు చేసేది నేను, ఫ్రిజ్జు.

కిందటి మార్చిలో మా ఊరి కుర్రాడు మరేరో టైటిల్ కోసం దిగాడు. అన్నయ్య ఎనభై కట్టాడు. నేను పచ్చి కందులు వేసి పెద్ద డేగిశాడు అన్నం వండాను. షెడ్డు నిండా కుర్చీలు వేశాడు. ఎవరూ రాలేదు.

ఎదురింటి యాడియెల్ ఇంటర్నెట్లో దొంగచాటుగా అదే పోటీ పట్టి, పెరటి గోడకు దుప్పటి కట్టి సినిమాలా వేశాడు. అక్కడ పైసా ఖర్చు లేదు. వీధంతా అక్కడే ఉంది. మా అన్నయ్య ఖాళీ కుర్చీలను సర్దాడు. మళ్ళీ సర్దాడు. నాకు ఏడుపొచ్చింది, దాంతో పాటు ఒళ్ళు మండింది.

"కూర్చో అన్నయ్యా, కుర్చీలకేం కాదు."

మొదట చిన్న పోటీ. మావాడొకడు అవతలివాణ్ణి పడగొట్టాడు. అలవాటు కొద్దీ అన్నయ్య కేక పెట్టాడు. ఎదురింట్లో ఎవరూ పలకలేదు. కాసేపటికి యాడియెల్ గేటు దగ్గరకొచ్చాడు.

"బాబాయ్, నువ్వు అరిస్తే మాకు ముందే తెలిసిపోతోంది. మాది అరనిమిషం వెనకొస్తోంది."

"డబ్బు కట్టినవాడికి ముందొస్తుంది నాయనా, దొంగతనానికి వెనకొస్తుంది," అన్నాను.

"నీతో కాదు అత్తా, బాబాయితో మాట్లాడుతున్నా."

"పోరా, అరవన్లే," అన్నాడు మా అన్నయ్య.

వాడు వెళ్ళాక నేను ఊరుకోలేదు. "అరువు అన్నయ్యా, గొంతు చించుకుని అరువు. ప్రతి గుద్దూ ముందే చెప్పు. వాళ్ళ దుప్పటి సంబరం తగలెయ్యి. చచ్చినట్టు ఇక్కడికే వస్తారు."

అతను టీవీ చప్పుడు తగ్గించాడు. నా మాట పనిచేసేదే. అది అతనికీ తెలుసు.

ఏడో రౌండులో మరేరో ఎడమ చేత్తో అవతలివాడి డొక్కలో ఒక్కటిచ్చాడు. వాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రిఫరీ పది లెక్కపెట్టేశాడు. మా ఊరివాడు, మా వీధి బేకరీ రొట్టె తిని పెరిగినవాడు, ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. బాక్సింగంటే పడని నాకే ఒళ్ళు జలదరించింది. అరుద్దామని నోరు తెరిచాను.

మా అన్నయ్య ఒక చేత్తో తన నోరు మూసుకున్నాడు, రెండో చేత్తో నా నోరు మూశాడు. ఆ చేతికి ఫ్రిజ్ గ్యాసు వాసన. అతని కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. టీవీలో మరేరోను భుజాల మీదికెత్తుతున్నారు. ఎదురింట్లో వాళ్ళింకా "కొట్టరా, డొక్కలో కొట్టరా" అని మొత్తుకుంటున్నారు. వాళ్ళకింకా మరేరో గెలవలేదు. అన్నయ్య టీవీకి వీపు పెట్టి వీధికేసి తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు ఎదురింటి పెరడు బద్దలైంది. గిన్నెలు, హారన్లు, ఈలలు.

మా అన్నయ్య మా ఇద్దరి నోళ్ళమీంచీ చేతులు తీసి వాళ్ళతో కలిసి అరిచాడు.