ముందువాడి తర్వాత వచ్చినవాడు

సెలూనాయన కత్తెర ఆడినంతసేపూ గోడమీది టీవీలో ఆ గూఢచారి సినిమాలే ఆడాలి. అవైనా జనం మెచ్చినవా అంటే కాదు. పాత హీరో మానేశాక ఇంకొకణ్ణి తెచ్చిపెట్టి తీస్తే అందరూ ఛీకొట్టినవి. గడ్డానికి కూర్చున్న గుమాస్తా, "మళ్ళీ ఆ చచ్చు సినిమాయేనా బాబాయ్?" అని దెప్పాడో, నురగ బ్రష్షు గాల్లోనే ఆగిపోద్ది. "ఏమయ్యా, వీడు మేడమీంచి దూకలేదా? దెబ్బలు తినలేదా? ముందువాడు చేసినవన్నీ చేశాడుగా! వాడు కాకపోవడమే వీడి తప్పా?" అంటాడు. అంత కోపంలోనూ చెంపమీద కత్తి మాత్రం పువ్వు తాకినట్టే పెడతాడు.

మొన్న భార్య కూతురు అన్నం డబ్బా తెచ్చింది. మొదటి మొగుడు పోయి ఆవిడ ఈయన్ని చేసుకునేటప్పటికి ఆ పిల్లకి పాలపళ్ళు ఊడుతున్నాయి. బడికి జడలేసి పంపిందీ, జ్వరమొస్తే భుజాన వేసుకు తిరిగిందీ ఈయనే. "మీ నాన్నకా అమ్మా డబ్బా?" అన్నాడు గుమాస్తా. "మా నాన్న పోయాడండీ. ఈయన మా అమ్మ చేసుకున్నాయన" అని డబ్బా బల్లమీద పెట్టేసి చక్కా పోయింది.

సెలూనాయన డబ్బా ఓ పక్కకి జరిపి మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. గుమాస్తాకే ఏదోలా అయ్యి, "టీవీ కట్టెయ్యి బాబాయ్, తిందువుగాని" అన్నాడు.

"ఉండవయ్యా, అయిపోనీ. వాణ్ణి చివరిదాకా చూసేవాడు ఒక్కడన్నా ఉండాలిగా."