ఐక్యతలో ఇరుక్కున్న పట్ట

ఇవాళ ఇనుప గొట్టాలు దించేసి ఖాళీ ట్రైలర్‌తో అల్లూరు మీదుగా వస్తుంటే, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. నా పొడుగు బండి పట్టే దారి లేదు. తిక్క లేచింది. దిగి, ప్రజల రోడ్డును ఆక్రమించే హక్కు ఎవరికీ లేదని గట్టిగానే మొదలుపెట్టాను.

వడ్ల దగ్గరున్న పెద్దావిడ నన్ను చూడలేదు, ఆకాశం చూసింది. నల్లటి మబ్బు కమ్ముకొస్తోంది. ఆమె పంటంతా తారు మీదే ఉంది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. లోడు మీద కప్పే పెద్ద పట్ట లాక్కొచ్చాను, ఇద్దరం వడ్ల మీద కప్పేశాం. ఆ ఊపులో, "రైతూ కార్మికుడూ ఒకటే అక్కా. నా పట్ట నీ పట్టే" అన్నాను. మా యూనియన్ కరపత్రాల్లో చదివింది చేసి చూపించానని ఛాతీ పొంగింది.

మబ్బు సముద్రం మీదికి పోయింది. చుక్క పడలేదు. పొద్దు వాలుతుంటే పట్ట అడిగాను.

"రాత్రికి మంచు పడతాది అబ్బయ్యా. రేపు తీసకపో."

"పొద్దున్నే ఉప్పు బస్తాల లోడుందక్కా. పట్ట లేకుంటే ఓనరు తిడతాడు."

"నా పట్ట నీ పట్టే అంటివే. అప్పుడే నాదంటావేంది?"

ఇప్పుడు కేబిన్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. అన్నం, పులుసు తెచ్చి పెట్టింది కాబట్టి కోప్పడటానికీ లేదు. ఓనరు ఫోను మోగుతూనే ఉంది. ఐక్యత ఎలా సాధించాలో నా దగ్గర బోలెడు కరపత్రాలున్నాయి. ఆ ఐక్యతలోంచి పట్ట ఎలా బయటికి లాగాలో తెలిసిన మిత్రులు చెప్పండి.