అడ్డపొగ

గడ్డం గీసుకోవడమంటే నాకు మొదటినుంచీ భయమే. అరకు చలి, చన్నీళ్లు, కొత్త బ్లేడు, వణికే చెయ్యి. అందుకే ఎండెక్కాక అరుగు మీద గుంజకు అద్దం తగిలించి, నురగ పట్టించుకుని కూర్చునేవాణ్ణి. పక్కనే అమ్మ కానుగ పుల్ల నములుతూ, "మీ నాన్నైతే ఈపాటికి తోటకెళ్లిపోయేవోడు" అని ఎగతాళి చేసేది.

ఆ రోజు పుల్ల పక్కన పడేసి, "ఒరే, ఆ అద్దం ఓపాలి ఇలాగియ్యి. పన్ను కదుల్తంది" అంది. ఇచ్చి, నేనూ తొంగి చూశాను. పన్ను సంగతి సరే. పైన అంగిలి తెల్లగా పాలిపోయి, మధ్యలో ఎర్రెర్రటి చుక్కలున్నాయి. ఇంకా దగ్గరికి వంగాను.

"ఏటలా సూత్తావు? పొగ మచ్చది. అందరికీ ఉంటది" అంది.

మా వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్టకు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. కాఫీ తోటలో రెండు చేతులకూ పనే, పైన మంచు తుంపర. నిప్పు బయటుంటే ఆరిపోతుంది. పైగా ఆ వేడికి పంటి పురుగు చస్తుందని నమ్మకం. నేనూ నమ్మాను. ఆ నిప్పు ఇన్నేళ్లుగా ఎక్కడ కాలుతోందో ఒక్కసారీ ఆలోచించలేదు, చదువుకున్న మొద్దుని.

మర్నాడే బస్సెక్కించి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అంగిట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, వారం ఆగమన్నాడు. ఆ వారం నేను బ్లేడు ముట్టలేదు. నా భార్య పెట్టిన అన్నం సయించలేదు. అమ్మ నాకు దక్కదేమోనని ఒకటే భయం. పొద్దున్నే లేచి ఆవిడ నోరు తెరిపించేవాణ్ణి.

"నానేటి, సంతలో ఎద్దునా? రోజూ పళ్లు సూత్తావు!" అని కసిరేది.

"ఇంకా క్యాన్సరు కాలేదు. చుట్ట మానకపోతే అవుతుంది" అన్నాడు డాక్టరు, వారం తర్వాత. బస్సు దిగగానే అమ్మ రొంటినున్న చుట్టల కట్ట తీసి, దారి పక్కన పారే గెడ్డ నీళ్లలో పారేసింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

మర్నాడు వారం గడ్డానికి నురగ పట్టించాను. ఒక చెంప అయిందో లేదో, నా భార్య వచ్చి గుంజకున్న అద్దం తీసి నా చేతిలో పెట్టింది. ఎండకేసి తిరిగి నిలబడింది.

"పంటి పోటొచ్చినప్పుడు అత్తే సుట్ట ఎలిగించి ఇచ్చింది. అప్పట్నించి తోటలో తాగుతునే ఉన్నాను. నీకు సెప్పడానికి బయమేసింది. నాదీ ఓపాలి సూడు" అని నోరు తెరిచింది.

అమ్మ నోట్లో పుల్ల అలాగే ఆగిపోయింది. చూడాలి. బ్లేడు పక్కన పెట్టి, సగం నురగతోనే లేచి అద్దం ఎండకు తిప్పాను.